వంకాయలవారి వీధిలో కందుకూరి

రాజమహేంద్రవరం: యుగకర్తగా కీర్తి గడించిన కందుకూరి వీరేశలింగం పంతులు 1848 ఏప్రిల్ 16న జన్మించిన ఇల్లు స్థానిక వంకాయలవారి వీధిలో ఉంది. నాలుగేళ్ల ప్రాయంలోనే ఆయన తండ్రిని కోల్పోయారు. 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి లంచగొండి అధికారులను ఎండగట్టారు. రాజశేఖర చరిత్రము నవల తొలుత అందులోనే వెలువడింది. రాతలతోనే ఆగి ఉంటే ఊరు సహించేదేమో! 1881 డిసెంబరు 11న ఆయన తన ఇంట తొలి వితంతు వివాహం జరిపించారు. బంధువులు రాలేదు, వంటవారు ముఖం చాటేశారు. సతీమణి రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్లు మోసి వంట చేశారు. పంతులుగారి కీర్తిలో ఆమె వాటాను పట్టణం అంతగా తలచుకోదు. ఆయన 1890లో ఇక్కడ టౌన్‌హాలు కట్టించారు. 1910లో రాజ్యలక్ష్మమ్మ కన్నుమూశారు. పంతులుగారు 1919 మే 27న మద్రాసులో తుదిశ్వాస విడిచారు.