రహీం సాహెబ్ జీవితంలో ఒక ఆట రోజు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని సంపాదకులు కోరగా, ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా మనుమడు అమెరికాలో చదువుకుంటున్నాడు. మొన్న ఫోనులో వాళ్ళ కళాశాల ఆట చూపించాడు. ఆటకు ముందు వందలాది విద్యార్థులు ఒకే తీరు దుస్తులు వేసుకుని, బాకాలూ డోళ్ళూ వాయిస్తూ మైదానంలో కవాతు చేశారు. మా చింతమడకలో నా చిన్నతనాన కుస్తీ పోటీ అంటే ముందు డప్పు మోగవలసిందే. ఆ దరువు వింటేనే పహిల్వానుకు సగం బలం వచ్చేది. మన దేశంలో 1888లో మొదలైన డ్యూరాండ్ కప్పు ఫుట్‌బాల్ ఫైనలుకు కూడా సైనిక బ్యాండు వాయించడం ఆనవాయితీ. ఆ బ్యాండు నడుమ కప్పు గెలిచిన హైదరాబాదు పోలీసు జట్టును తయారు చేసినవారే సయ్యద్ అబ్దుల్ రహీం గారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా ఆఫీసులో ఒక పెద్దాయన మధ్యాహ్నం టీ వేళ రహీం సాహెబ్ ముచ్చట్లే చెప్పేవారు. ఆయన పేరు నేను మొదట విన్నది అక్కడే.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియాలో పట్టభద్రులై, బడి పంతులుగా జీవితం ప్రారంభించారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా, 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షకులుగా పనిచేశారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన పద్ధతి పంతులు పద్ధతే. బంతిని ఒక్కడే పట్టుకుని పరుగెత్తకూడదని, వెంటనే తోటివానికి అందించాలని నేర్పేవారు. అందుకోసం బంతిని కాలితో నడిపించుకుంటూ పోరాదనే నిబంధన పెట్టి పోటీలు జరిపారు. వాటం లేని కాలితోనే తన్నాలంటూ మరికొన్ని పోటీలు పెట్టారు.

1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలో మన జట్టు ఇరాన్‌పై గెలిచి స్వర్ణం సాధించింది. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవారిలో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడిన రోజులవి. రహీం గారు కుంగిపోలేదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ 4వ స్థానం పొందింది. ఆ జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, బలరాం మన హైదరాబాదు, సికింద్రాబాదుల బిడ్డలే.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే క్యాన్సరు ఆయన ఊపిరితిత్తులను తినివేస్తున్నది. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాము. తరువాత థాయిలాండ్, జపాన్, దక్షిణ వియత్నాంలను గెలిచి, ఫైనలులో మళ్ళీ కొరియానే ఎదుర్కొన్నాము.

సెప్టెంబరు 4. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వలేదని భారత ప్రతినిధి సోంధీ గారు అభ్యంతరం తెలిపినందుకు ఊరంతా మనపై మండిపడుతున్నది. మనవాళ్ళు బస్సులో తలలు వంచుకుని, కిటికీలకు కనబడకుండా మైదానం చేరారట. సుమారు లక్షమంది జనం. మన జాతీయ గీతం వేళ కూడా గేలి చేశారు. ఆట రోజున మనకోసం మోగే డోలు ఒక్కటీ లేదు.

తలకు గాయమైన జర్నైల్ సింగ్ వెనుక వరుస ఆటగాడు. రహీం గారు అతన్ని ముందు వరుసలో ఆడించారు. తొలి 20 నిమిషాలలోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టారు. చివరలో కొరియా ఒకటి కొట్టినా, 2-1తో స్వర్ణం మనదే అయింది. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తరువాత మనకు మళ్ళీ రాలేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న, 53 ఏళ్ళకే రహీం గారు కన్నుమూశారు. మనలాగ పదవీ విరమణ చేసి విశ్రాంతి తీసుకునే భాగ్యం ఆయనకు దక్కలేదు. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారం ఏర్పడింది 1985లో. 2024లో ఆయన కథ సినిమాగా వచ్చిన తరువాతనే మా మనుమడు సైతం ఆయన పేరు విన్నాడు.

నేను వాడికి ఒకటే చెప్పాను. మీ కళాశాల బ్యాండు బాగుంది నాయనా, చూసి సంతోషించాను. కాని బ్యాండు లేని చోట, లక్షమంది వద్దన్న చోట పిల్లలను నిలబెట్టి గెలిపించిన పంతులు ఒకాయన మన హైదరాబాదులో ఉండేవాడు. ఆయన్ని మరువకు.