నాగలిని ట్రాక్టరులో భాగం చేసిన హ్యారీ ఫెర్గూసన్

వానాకాలం వెళ్ళేసరికి మామిడి తోటల్లో, కొబ్బరి తోటల్లో, ఊరి చివరి బీళ్ళలో గడ్డి మోకాలు దాటి పెరుగుతుంది. కూలీలతో కోయించడం భారమై చిన్న ట్రాక్టరు కొందామని బయలుదేరిన రైతు దుకాణంలో మొట్టమొదట అడిగేది ఎన్ని హెచ్‌పీ అని. ఆ తరువాత ధర. వెనుక ఏ పనిముట్టు తగిలిస్తాం, అది ట్రాక్టరుతో ఎలా కలుస్తుంది అన్న ప్రశ్న చాలాసార్లు డబ్బు కట్టాక గాని గుర్తుకు రాదు. ఆ ప్రశ్నే అన్నిటికంటే ముందు రావాలని జీవితమంతా వాదించి, తన వాదనను పొలంలో నిరూపించి చూపిన వ్యక్తి హ్యారీ ఫెర్గూసన్. నేడు ప్రపంచంలో దాదాపు ప్రతి వ్యవసాయ ట్రాక్టరు వెనుక కనిపించే మూడు ఇనుప చేతుల అమరిక, రైతులు త్రీ పాయింట్ లింకేజీ అని పిలుచుకునేది, ఆయన కృషి ఫలితమే.

ఫెర్గూసన్ 1884 నవంబరు 4న ఐర్లండు ఉత్తర భాగంలోని డౌన్ కౌంటీలో, గ్రోవెల్ అనే పల్లెలో జన్మించారు. పదకొండు మంది సంతానంలో ఆయన నాలుగో వారు. ఆ ప్రాంతమంతా చిన్న చిన్న గుట్టలు, వాటి నడుమ రాతి గోడలు, ముళ్ళ కంచెలు కట్టిన ఇరుకు మడులు. చదునైన నేల తక్కువ, రాయి ఎక్కువ. తండ్రి మతనిష్ఠ గల కఠినమైన రైతు. బక్కపలుచని హ్యారీకి గుర్రాల వెనుక నడిచే సేద్యం ఏనాడూ రుచించలేదు. 1902లో ఆయన బెల్ఫాస్టు నగరానికి వెళ్ళి, అన్న జో నడుపుతున్న సైకిళ్ళు, కార్ల మరమ్మతు దుకాణంలో చేరారు. సేద్యాన్ని తప్పించుకోవాలని ఊరు విడిచిన ఆ యువకుడే సేద్యపు రూపురేఖలను మార్చడం విచిత్రం.

యంత్రాల మీద ఆయనకు సహజంగానే పట్టు చిక్కింది. మోటారు సైకిల్ పందేల్లో పేరు తెచ్చుకున్నారు. రైట్ సోదరుల విజయం విని ఊరుకోలేక తానే ఒక విమానాన్ని రూపొందించి, నిర్మించి, 1909 డిసెంబరు 31న హిల్స్‌బరో పార్కులో గాలిలోకి లేపారు. అది ఎగిరింది సుమారు 120 మీటర్లే అయినా ఐర్లండు నేల మీద నుంచి లేచిన తొలి విమానంగా చరిత్రకెక్కింది. విమానం కట్టేవాడికి ప్రతి తులం లెక్కే. అనవసరమైన బరువంటే ఆయనకు ఉన్న ఏవగింపు ఆ రోజుల నుంచే మొదలై ఉండాలి.

1911లో ఆయన బెల్ఫాస్టులో సొంతంగా మోటారు వ్యాపారం ప్రారంభించారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జలాంతర్గాముల దాడులతో బ్రిటన్‌కు ఓడల మీద వచ్చే ధాన్యానికి ముప్పు ఏర్పడింది. ఉన్న నేలనంతా దున్ని పంట తీయవలసిన అవసరం కలిగింది. ట్రాక్టర్ల పనితీరును మెరుగుపరిచే బాధ్యతను 1917లో ఐర్లండు వ్యవసాయ శాఖ ఫెర్గూసన్‌కు అప్పగించింది. నేర్పరి అయిన సహాయకుడు విలియం శాండ్స్‌ను వెంటబెట్టుకుని ఆయన ఐర్లండు అంతటా తిరిగారు. ఎక్కడ చూసినా ఒకే లోపం కనిపించింది. రైతులు ట్రాక్టరును గుర్రం స్థానంలో నిలిపారు, అంతే. నాగలి మాత్రం ఎప్పటిలాగే వెనుక గొలుసుకో కొక్కేనికో వేలాడుతూ వస్తోంది.

ఇందులో ప్రాణాంతకమైన చిక్కు ఉంది. నాగలి కర్రు రాయికో వేరుకో తగిలితే ఎద్దులైనా గుర్రాలైనా ఆగిపోతాయి. యంత్రానికి ఆ తెలివి లేదు. నాగలి కదలదు, వెనుక చక్రాలు మాత్రం తిరగాలని చూస్తాయి. దాంతో ట్రాక్టరు ముందు భాగం పైకి లేచి, క్షణాల్లో వెనక్కి బోల్తాపడి, నడిపేవాడి మీదనే కూలేది. ఆ కాలంలో విరివిగా అమ్ముడైన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లకు ఈ విషయంలో చెడ్డపేరు ఉండేది. పట్టు చాలదంటే ట్రాక్టరు బరువు పెంచడమే తయారీదారులకు తెలిసిన విరుగుడు. బరువు పెరిగితే నేల గట్టిపడుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది, చిన్న రైతుకు ధర అందదు.

ఫెర్గూసన్ దారి వేరు. ట్రాక్టరు, పనిముట్టు రెండు వస్తువులు కాకూడదు, ఒకే యంత్రంలో రెండు భాగాలు కావాలన్నది ఆయన పట్టుదల. 1917 నుంచి సుమారు రెండు దశాబ్దాల పాటు శాండ్స్‌తోను ఇతర సహచరులతోను కలిసి ఒకదాని తరువాత ఒకటిగా నమూనాలు చేశారు. చివరకు స్థిరపడిన అమరిక చూడడానికి సులభం. కింద రెండు చేతులు పనిముట్టును లాగుతాయి. పైన ఒక చేయి, నేడు టాప్ లింక్ అంటున్నది, దాన్ని అదుపులో ఉంచుతుంది. నేల ప్రతిఘటించినప్పుడు నాగలి ముందుకు తూలబోతుంది. ఆ తూలుడు పై చేయి గుండా ట్రాక్టరును ముందుకు నెట్టి ముందు చక్రాలను నేలకు అదిమి ఉంచుతుంది. కర్రును నేల కిందికి లాగే బలం వెనుక చక్రాల మీద పడి వాటికి పట్టు ఇస్తుంది. అంటే తేలికైన ట్రాక్టరు తనకు కావలసిన బరువును పని చేస్తున్నంతసేపు నాగలి నుంచే అరువు తెచ్చుకుంటుంది. నాగలి రాయికి తగిలిందా, ఆ అరువు తెగిపోతుంది. చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి తప్ప ట్రాక్టరు మీదికి లేవదు. దీనికి తోడు, నేల ఎంత గట్టిగా లాగుతున్నదో పసిగట్టి పనిముట్టును కొద్దిగా లేపుతూ దించుతూ ఉండే హైడ్రాలిక్ ఏర్పాటు ఆయన సాధించిన మరో మెట్టు.

1933లో తయారైన నల్లరంగు నమూనా ట్రాక్టరు నేడు లండన్‌లోని సైన్స్ మ్యూజియం సేకరణలో ఉంది. ఆ నమూనాను అనుసరించి ఇంగ్లండులో డేవిడ్ బ్రౌన్ అనే పారిశ్రామికవేత్త భాగస్వామ్యంతో 1936లో ఉత్పత్తి మొదలైంది. అయితే మూడేళ్ళలో సుమారు 1,350 ట్రాక్టర్లే తయారయ్యాయి. మరింత శక్తి గల ట్రాక్టరు కావాలని బ్రౌన్ కోరారు. తన రూపకల్పనలో మార్పుకు ఫెర్గూసన్ ఒప్పుకోలేదు. ఇద్దరి దారులు వేరయ్యాయి. మొండితనం ఆయన బలం, బలహీనత కూడా.

1938 అక్టోబరులో ఆయన తన ట్రాక్టరును అమెరికాకు తీసుకుపోయి హెన్రీ ఫోర్డ్ ఎదుట దున్ని చూపారు. ఫోర్డ్ కూడా రైతుబిడ్డే. చూసిన వెంటనే విషయం గ్రహించారు. ఇద్దరూ చేతులు కలిపి ఒప్పందం కుదుర్చుకున్నారు. కాగితం లేదు, సంతకం లేదు. 1939లో ఫెర్గూసన్ పద్ధతితో ఫోర్డ్ ట్రాక్టరు మార్కెట్లోకి వచ్చింది. యుద్ధకాలంలోనూ లక్షల సంఖ్యలో తయారైంది. కాని 1947లో వృద్ధుడైన ఫోర్డ్ మరణించారు. ఆయన మనుమడు రెండో హెన్రీ ఫోర్డ్ ఆ ఒప్పందానికి అప్పటికే స్వస్తి పలికారు. ఫెర్గూసన్ సాధించిన పద్ధతితోనే కంపెనీ కొత్త ట్రాక్టరును విడుదల చేసింది. ఫెర్గూసన్ 25 కోట్ల డాలర్లకు పైగా పరిహారం కోరుతూ కోర్టుకెక్కారు. ఏళ్ళ తరబడి నడిచిన వ్యాజ్యం 1952లో 92.5 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. అడిగిన దానితో పోలిస్తే అది స్వల్పమే. అయినా ఒక మహాసంస్థ తన పేటెంట్ల విలువను అంగీకరించినట్లయిందని ఆయన భావించారు. నోటిమాట మీద నిలిచిన పెద్ద వ్యాపారం ఆ మాట ఇచ్చిన మనిషితోనే పోగలదనడానికి ఈ కథ ఒక ఉదాహరణ.

ఈలోగా ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో స్టాండర్డ్ మోటార్ కంపెనీ కర్మాగారంలో ఆయన పేరు మీదనే ట్రాక్టరు తయారు కాసాగింది. టీఈ20 అనే ఆ బూడిదరంగు బండి 1946 నుంచి 1956 వరకు 5 లక్షలకు పైగా తయారైంది. బరువు దాదాపు ఒక టన్ను మాత్రమే. చక్రాల మధ్య వెడల్పును పనికి తగినట్లు మార్చుకోవచ్చు. దాని బోల్టుల్లో చాలావాటిని విప్పడానికి, కొలతలు తీయడానికి ఒకే పానా సరిపోయేది. నాగలి, గొర్రు, గడ్డి కోసే కత్తెర పట్టీ, ట్రక్కు, ఇలా పదుల కొద్దీ పనిముట్లను ఆ మూడు చేతులకే తగిలించవచ్చు. గుర్రాలను పోషించే ఖర్చు నుంచి చిన్న రైతులను విడిపించిన బండి అది. బ్రిటన్, ఐర్లండు, న్యూజిలాండ్ పల్లెల్లో గరుకు బీళ్ళను కోయడానికి నేటికీ దాన్ని వాడేవారున్నారు.

ఆ బండి సత్తాకు మరో సాక్ష్యం మన హిమాలయాలతో ముడిపడిన మనిషి నుంచి వచ్చింది. తేన్జింగ్ నార్గేతో కలిసి ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ, మంచుకు తగినట్లు పట్టాలు తొడిగిన ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీద ప్రయాణించి 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరుకున్నారు.

అప్పటికే ఫెర్గూసన్ ట్రాక్టర్ల వ్యాపారం నుంచి తప్పుకున్నారు. 1953లో ఆయన సంస్థ కెనడాకు చెందిన మాసీ-హారిస్‌లో విలీనమైంది. ఆ సంస్థే తరువాత మాసీ ఫెర్గూసన్ అయింది. శేషజీవితంలో నాలుగు చక్రాలకూ శక్తినందించే కార్ల మీద మనసు పెట్టారు. నిద్రలేమి, మానసికమైన కుంగుబాటు ఆయనను వేధించాయి. 1960 అక్టోబరు 25న ఇంగ్లండులో, స్టో-ఆన్-ద-వోల్డ్ సమీపంలోని స్వగృహంలో మరణించారు. ఆయన సంస్థ రూపొందించిన నాలుగు చక్రాల చోదక రేసు కారులో స్టెర్లింగ్ మాస్ 1961లో ఔల్టన్ పార్కులో గెలిచిన పందెం చూసే అదృష్టం ఆయనకు దక్కలేదు.

ఆయన కన్నుమూసిన 1960లోనే మాసీ ఫెర్గూసన్ సహకారంతో చెన్నైలో టాఫే సంస్థ ఏర్పడింది. ఆ విధంగా ఐర్లండు గుట్టల నడుమ పుట్టిన ఇంటిపేరు ఆంధ్ర, తెలంగాణ పొలాలకూ చేరింది. పేటెంట్ల గడువు తీరాక ఆ అమరిక అందరి సొత్తు అయింది. ఏ కంపెనీ ట్రాక్టరు వెనుక నిలబడి చూసినా ఆ మూడు చేతులే కనిపిస్తాయి.

తోట గడ్డి కోయడానికి బండి కొనేవారికి ఆయన జీవితం నేర్పే వరుస ఒకటి ఉంది. మొదట నేల, తరువాత పనిముట్టు, ఆపైన ట్రాక్టరు. నేలలో రాళ్ళు, మోళ్ళు, గట్లు ఎన్ని? వాలు ఎంత? చెట్ల వరుసల మధ్య ఎడం ఎంత? పచ్చిక మైదానాల కోసం కడుపు కింద కత్తులు బిగించిన బుల్లి బండ్లు రాళ్ళ బీడులో నిలవవు. అక్కడ మూడు చేతులకు తగిలే స్లాషర్ గాని, రాళ్ళు తక్కువగా ఉన్నచోట గడ్డిని నలిపి పరిచే మల్చర్ గాని కావాలి. మోడు ఎదురైతే లీవరు కదిపి ఎత్తేయవచ్చు, మూలల్లోకి వెనక్కి నడపవచ్చు. పనిముట్టు వెడల్పు తేలితే దాన్ని తిప్పడానికి పి.టి.ఓ. షాఫ్టు వద్ద ఎంత శక్తి కావాలో తెలుస్తుంది. సాధారణంగా ఇది నిమిషానికి 540 చుట్ల వేగానికి లెక్కిస్తారు. ఇంజను మీద రాసిన అంకె కంటే షాఫ్టు వద్ద అందే శక్తి తక్కువ. పనిముట్టు బరువును లిఫ్టు ఎత్తగలదా, ఎత్తినప్పుడు ముందు చక్రాలు నేలను వదలకుండా ఉంటాయా అన్నది కూడా చూడాలి. హెచ్‌పీ ప్రశ్నకు చోటు ఇక్కడ, వరుస చివరన.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. ఫెర్గూసన్ అమరిక తగ్గించింది నాగలి అడ్డుపడినప్పుడు వెనక్కి బోల్తాపడే ప్రమాదాన్నే. వాలు మీద పక్కకు దొర్లే ట్రాక్టరును అది ఆపలేదు. ఆ రోజుల బండ్లకు రక్షణ చట్రమే లేదు. ఈనాడు కొనేవారు ఆ చట్రం, దానితో పాటు సీటు బెల్టు ఉన్న బండినే ఎంచుకోవాలి. వాలులో చక్రాల ఎడం వీలైనంత పెంచి, పనిముట్టును నేలకు దగ్గరగా ఉంచి నడపాలి. తిరిగే షాఫ్టుకు తొడుగు లేకుండా పని మొదలుపెట్టకూడదు. బరువైన యంత్రం మనిషిని కాపాడుతుందన్న భ్రమను నూరేళ్ళ కిందటే వదిలించిన ఫెర్గూసన్‌కు, జాగ్రత్తగా ఇంటికి తిరిగి వచ్చే రైతు కంటే మంచి నివాళి మరొకటి ఉండదు.