ప్రకాశం పంతులుగారూ, మద్యపాన సమస్యా

నల్లమల కొండల పాదాన, నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో మహానంది క్షేత్రం ఉన్నది. అచ్చటి కోనేటి నీరు ఎంత స్వచ్ఛమైనదంటే, అడుగున పడిన నాణెం పైనుండి కనబడుతుంది. ఏడాది పొడుగునా ఊరే ఆ నీరు గుడి దాటి అరటితోటలనూ, వరిమళ్ళనూ తడుపుతుంది. కాని ఆ పచ్చదనం దాటి కొంతదూరం పోగానే రాయలసీమ సహజరూపం ఎదురవుతుంది. ఎండిన వంకలు, వంకల ఒడ్డున ఈతచెట్లు, వాటిని గీచి బ్రతికే కుటుంబాలు. ఈ సీమలో చెంచులకు ఇప్పపూల సారా, పల్లెజనానికి ఈతకల్లు, పట్టణాలలో ఉన్నవారికి సీమ నుండి ఓడలలో దిగిన విస్కీ, బ్రాందీ. ఎవరి తాహతుకు తగిన పానీయం వారిది.

ఈ పానీయాలను చట్టంతో మాన్పించవచ్చునా, మాన్పించేటప్పుడు ఎవరి నోటి దగ్గర కూడు పోతుంది అన్న ప్రశ్న మీదనే ఆంధ్రరాష్ట్రపు మొట్టమొదటి మంత్రివర్గం కర్నూలులో కూలిపోయినది. ఆ మంత్రివర్గానికి నాయకులు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ఆయన సాహసాన్ని గురించి ఎరుగని విద్యార్థి ఉండడు. మద్యపాన సమస్యతో ఆయన జీవితానికి ఏర్పడిన ముడిని మాత్రం తలచుకొనేవారు తక్కువ.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23వ తేదీన, నేడు ఆయన పేరనే వెలసిన ప్రకాశం జిల్లాలోని వినోదరాయునిపాలెంలో జన్మించినారు. తల్లి సుబ్బమ్మగారు, తండ్రి గోపాలకృష్ణయ్యగారు. పదకొండేండ్ల వయస్సులో తండ్రి పోయినాడు. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పోషించినది. నలుగురికి అన్నం వండిపెట్టి ఆ డబ్బుతో బిడ్డకు చదువు చెప్పించిన ఆ తల్లి కష్టం ప్రకాశంగారు జీవితాంతం మరువలేదు. చదువుకంటె ఆటల మీద, నాటకాల మీద మక్కువ ఎక్కువగా ఉండిన ఆ కుర్రవానిలోని తెలివిని గుర్తించినవారు ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు. ఆయన రాజమహేంద్రవరానికి వెళ్ళుతూ శిష్యుని వెంట తీసుకొనిపోయినారు. ఒక ఉపాధ్యాయుని ఆదరణ ఒక జీవితాన్ని ఎట్లా మలుపు తిప్పుతుందో తెలుసుకొనడానికి ఇంతకంటె మంచి దృష్టాంతం వెదకనక్కరలేదు.

అచ్చటనే ప్రకాశంగారు ప్లీడరు అయినారు, పురపాలక సంఘాధ్యక్షులు అయినారు. కాని ప్లీడరు పెద్ద కోర్టులలో వాదించడానికి వీలులేదు. బారిస్టరు కావలెనన్న కోరికతో 1904లో లండనుకు ప్రయాణమైనారు. అచ్చట దాదాభాయి నౌరోజీ ఎన్నిక కోసం పనిచేసినారు. 1907లో పట్టా పుచ్చుకొని తిరిగివచ్చినారు.

ఆయన లండనులో న్యాయశాస్త్రం చదువుతున్న ఆ సంవత్సరాలలోనే ఆ నగరపు న్యాయస్థానం ఒక విచిత్రమైన వ్యాజ్యాన్ని విచారించినది. విస్కీ అంటే ఏమిటి అన్నదే ఆ వ్యాజ్యం. 1905లో లండనులోని ఇస్లింగ్టన్ పురపాలకులు కొందరు మద్యవర్తకుల మీద అభియోగం తెచ్చినారు. విస్కీ అని అడిగిన వానికి విస్కీ కానిదానిని అమ్మినారన్నది నేరం. దీని వెనుక ఐర్లండు, స్కాట్లండు దేశాల పాత కథ ఉన్నది.

ఆ రెండు దేశాలలోను విస్కీకి మూలం బార్లీ గింజ. గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేడినీటిలో కలిపి, పులియబెట్టి, రాగి బట్టీలలో కాచి దించుతారు. స్కాట్లండులో మొలకలను ఆరబెట్టడానికి తరచు పీట్ అనే బురదనేల ఇంధనాన్ని మండించేవారు. ఆ పొగవాసన వారి సారాకు అబ్బినది. అక్కడ సాధారణంగా రెండుసార్లు దించుతారు. ఐర్లండులో మొలకెత్తిన బార్లీ మీద 1785లో పన్ను పడినది. పన్ను తప్పించుకొనడానికి మొలకెత్తని గింజను కూడా కలపడం అక్కడివారు మొదలుపెట్టినారు. వారు తరచుగా మూడుసార్లు దించుతారు కనుక అది మెత్తగా ఉంటుందని పేరు. పన్ను పుట్టించిన రుచి అది! ప్రభుత్వం మద్యం మీద చేయి వేసినప్పుడల్లా తాను తలచని ఫలితం కూడా ఏదో ఒకటి పుడుతుందని ఈ చిన్న సంగతి చెబుతున్నది.

1830లో ఐర్లండుకు చెందిన ఈనియస్ కాఫీ అనే మాజీ సుంకపుటధికారి ఎడతెరిపి లేకుండా సారా దించే కొత్త యంత్రానికి హక్కుపత్రం పొందినాడు. సారా దించేవారిపై నిఘా ఉంచిన మనిషే వారికి కొత్త బట్టీ కట్టియిచ్చినాడు. డబ్లిన్‌లోని పెద్ద వ్యాపారులు దానిలో వచ్చేది రుచి లేని సారా అని త్రోసిపుచ్చినారు. స్కాట్లండువారు దానిని అందిపుచ్చుకొన్నారు. ఆ చౌక సారాను తమ పాతపద్ధతి విస్కీతో మేళవించి లోకమంతా అమ్మినారు. 1905 నాటి వ్యాజ్యం ఈ కొత్త సారాకు విస్కీ అన్న పేరు చెల్లునా అన్నదే. చివరకు 1908లో రాచవిచారణసంఘం ఏర్పడి, మరుసటి సంవత్సరం చెల్లునని తేల్చినది. తరువాత ఓక్ పీపాలలో మూడేండ్లైనా నిలువ ఉంచవలెనన్న నియమం కూడా వచ్చినది. ఏది ఎట్లా తయారైనదో తెలుసుకొని ఎన్నుకొనే హక్కును ఆ దేశపు చట్టం త్రాగేవానికి ఇచ్చినదన్నమాట. అదే సామ్రాజ్యంలో కల్లు త్రాగే తెలుగు రైతుకూలీకి అబ్కారీ పాటదారు పోసినది త్రాగడం తప్ప వేరు దారి లేదు. సర్కారుకు కావలసినది పాట సొమ్ము మాత్రమే.

ప్రకాశంగారు మద్రాసు హైకోర్టులో అపారంగా ధనం ఆర్జించినారు. 1921లో గాంధీమహాత్ముని పిలుపు విని ఆ వృత్తిని ఒక్కమారుగా వదలిపెట్టినారు. ఆ సంవత్సరమే స్వరాజ్య పత్రికను నెలకొల్పి, ఆర్జించినదంతా అందులో పోసినారు. కల్లు దుకాణాల ముందు కాంగ్రెసు కార్యకర్తలు పికెటింగు జరిపిన రోజులవి. మద్యం మాన్పించడం స్వరాజ్యోద్యమంలో ఒక భాగం. దానికి కారణాలు రెండు. పేదవాని కూలి డబ్బు దుకాణానికి పోకుండా ఆపడం మొదటిది. విదేశీ ప్రభుత్వానికి వచ్చే అబ్కారీ ఆదాయాన్ని దెబ్బతీయడం రెండవది. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌కు నిరసనగా మద్రాసులో హర్తాళం జరిగినప్పుడు, తుపాకి ఎక్కుపెట్టిన సిపాయికి ఛాతీ చూపిన ఘట్టం అందరికీ తెలిసినదే. ఆంధ్రకేసరి అన్న బిరుదు ఆనాటి నుండి ఆయనకు స్థిరపడినది.

1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గంలో ప్రకాశంగారు రెవిన్యూ మంత్రి అయినారు. ఆ ప్రభుత్వం మద్యనిషేధ చట్టం చేసి, అక్టోబరులో సేలం జిల్లాలో మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. తెలుగునాట నిషేధాన్ని మొదట చూచినది ఈ రాయలసీమ జిల్లాలే. పోయిన అబ్కారీ ఆదాయాన్ని పూడ్చుకొనడానికి 1939లో అమ్మకపు పన్ను పుట్టినది. యుద్ధకాలంలో కాంగ్రెసు మంత్రులు తప్పుకొన్న తరువాత నిషేధం సడలిపోయినది. 1946 ఏప్రిల్ చివర ప్రకాశంగారు మద్రాసు రాష్ట్ర ప్రధాని అయినారు. వారి ప్రభుత్వం ఆ సంవత్సరమే నిషేధాన్ని మళ్ళీ తలకెత్తుకొన్నది. తొలి విడతలో రాయలసీమ జిల్లాలు మరల చేరినవి. 1948 నాటికి అది రాష్ట్రమంతటికీ వ్యాపించినది.

అయితే చట్టం ఒకటైనా దాని బరువు అందరి మీద ఒక్క తీరుగా పడలేదు. అనుమతిపత్రం సంపాదించుకొన్నవారికి సీమసారా కొనుక్కొనే వీలు ఉండేది. ఈతచెట్టు గీచేవానికి ఆ వెసులుబాటు లేదు. మోకు, కత్తి, లొట్టి తప్ప వేరు ఆస్తి లేని గీతకుటుంబాల వృత్తి ఒక్కరోజులో నేరమైపోయినది. మరొకవైపు అడవులలో, వంకలలో దొంగబట్టీలు పెరిగినవి. కల్లు మానినవారిలో కొందరు అంతకంటె ప్రమాదకరమైన నాటుసారాకు అలవాటుపడినారు. పోలీసులకు పని పెరిగినది, జైళ్ళు నిండినవి. ఇంట్లో భర్త త్రాగుడు మానగా కడుపునిండా తిన్న పిల్లలూ ఉన్నారు. నిషేధం వల్ల మేలు లేదనడం సత్యం కాదు, కీడు లేదనడమూ సత్యం కాదు.

పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినది. 1937 నాటి శ్రీబాగు ఒడంబడిక స్ఫూర్తితో కర్నూలు రాజధాని అయినది. ఎనభై ఒక్క ఏండ్ల వయస్సులో ప్రకాశంగారు ముఖ్యమంత్రి పదవి స్వీకరించినారు. కార్యాలయాలకు భవనాలు చాలక గుడారాలు వేసుకొని పనిచేసిన ప్రభుత్వమది. ఖజానాలో సొమ్ము తక్కువ, పనులు ఎక్కువ. అయినా తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వారి కాలంలోనే వెలసినది. కృష్ణానదిపై బెజవాడ బారేజి నిర్మాణానికీ వారి కాలంలోనే అంకురార్పణ జరిగినది.

నిషేధం విషయంలో ఆయన ప్రభుత్వం కళ్ళు మూసుకొనలేదు. దాని మంచిచెడ్డలు విచారించడానికి ఎస్.వి. రామమూర్తిగారి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. ఆ సంఘం నిషేధం విఫలమైనదని, దానిని తొలగించవలసినదని సిఫార్సు చేసినది. ఇక్కడ ప్రకాశంగారికి ధర్మసంకటం ఏర్పడినది. సిఫార్సు అంగీకరిస్తే, మూడు దశాబ్దాలుగా గాంధీజీ మార్గంలో చెప్పిన మాట తప్పినట్లు అవుతుంది. అంగీకరించకపోతే, తాను నియమించిన సంఘాన్నే త్రోసివేసినట్లు అవుతుంది. గీతకార్మికుల పక్షాన గౌతు లచ్చన్నగారి వంటి నాయకులు పట్టుదలతో పోరాడినారు. కమ్యూనిస్టులు ప్రబల ప్రతిపక్షంగా ఉన్నారు. సిఫార్సుల అమలులో జాప్యం శాసనసభలో అవిశ్వాసానికి దారితీసినది. 1954 నవంబరు 6వ తేదీన ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం ఓడిపోయినది.

ఒక్క ఓటును అటునుండి ఇటు త్రిప్పుకొనడానికి పదవీలాలసులు ఎన్ని ఉపాయాలైనా పన్నుతారు. ప్రకాశంగారి మంత్రివర్గం రాజీనామా ఇచ్చినది. ఆ నెలలోనే రాష్ట్రపతి పాలన వచ్చినది. 1955లో ఎన్నికలు జరిగి బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయినారు. ప్రకాశంగారు మరల పదవి చేపట్టలేదు, కాని ప్రజల మధ్య తిరగడం మానలేదు. ఎనభై నాలుగేండ్ల వయస్సులో, మండువేసవిలో ఒంగోలు ప్రాంతపు పేదవాడలలో పర్యటిస్తూ వడదెబ్బ తిని, 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూసినారు. లక్షలు గడించిన ఆ బారిస్టరు చివరిదశ పేదరికంలోనే గడిచినది.

ఆయన సమాధానం చెప్పలేకపోయిన ప్రశ్న ఆయనతో పోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించినారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా అలుముకొన్నది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో ఆ నిషేధం సడలినది. అమెరికా కూడా 1920 నుండి 1933 వరకు నిషేధం నడిపి విరమించుకొన్నది. నేడు మన దుకాణాలలో విస్కీ పేరుతో అమ్మేదానిలో అధికభాగం చెరకు మడ్డి నుండి తీసిన సారాతో తయారైనది. ఐరోపా నిబంధనల ప్రకారం దానికి ఆ పేరు చెల్లదు. సీసా మీద పేరు చదివి మురిసిపోయేవానికి లోపల ఉన్నది ఏమిటో తెలియదు. 1905లో లండను న్యాయస్థానం అడిగిన ప్రశ్న ఇక్కడ ఇంకా మిగిలియే ఉన్నది.

ప్రకాశంగారి పరాజయాన్ని కేవలం ఒక మొండిపట్టుగా చూడడం న్యాయం కాదు, త్యాగంగా మాత్రమే కీర్తించడమూ చాలదు. పూటకూళ్ళమ్మ కుమారుడైన ఆయనకు పేదవాని ఇంట మద్యం చేసే చేటు తెలుసు. దాన్ని మాన్పించవలెనన్న సంకల్పం ఉదాత్తమైనదే. కాని త్రాగేవాని చేతిలో నుండి ముంత తీసుకొనేముందు, గీచేవాని చేతికి వేరొక పని ఇవ్వవలసి ఉండినది. ధనికునికి అనుమతిపత్రం, దరిద్రునికి జైలు చూపే చట్టం మీద జనానికి గౌరవం నిలువదు. ఇది బడిలో చెప్పదగిన పాఠం. నీతిని చట్టంగా మార్చేవాడు ముందుగా ఆ చట్టం బరువు ఎవరి భుజం మీద పడుతుందో లెక్క చూడవలె. ఆ లెక్క తప్పితే ఎంతటి సింహమైనా ఒక్క ఓటు ముందు తల వంచవలసివస్తుంది.