ఊరికి దగ్గరలోనే ఏకాంతం



మన మొగల్తూరు ప్రాంతంలో యాత్ర అనగానే గుణదలో, వేళాంగణో గుర్తుకు వస్తుంది. బస్సు మాట్లాడుకుని, వంటసామాను వేసుకుని, పిల్లాపాపలతో బయలుదేరతాము. మంచిదే. కాని ఆ జనసమ్మర్దంలో ప్రభువుతో నాలుగు మాటలు చెప్పుకునే వీలు చిక్కలేదని, తిరిగి వచ్చాక కొందరు తల్లులు నా దగ్గర బాధపడుతుంటారు. ఏకాంతం కోసం దూరం పోనక్కరలేదని జీవించి చూపిన మహనీయుడు అస్సీసిపుర పునీత ఫ్రాన్సిసువారు. ఆయన జీవితాన్ని ఈ వారం ఆ కోణంలో తలచుకుందాము.

ఫ్రాన్సిసు 1182 ప్రాంతంలో ఇటలీ దేశపు అస్సీసిలో ఒక బట్టల వర్తకుని ఇంట పుట్టారు. విందులు, పాటలు, స్నేహితులతో యౌవనం గడిచింది. 1202లో పెరూజియా పట్టణంతో జరిగిన యుద్ధంలో పట్టుబడి, సుమారు ఏడాది చెరలో ఉన్నారు. విడుదలయ్యాక జబ్బుపడ్డారు. లేచి తిరిగేసరికి పాత సరదాలు ఆయనకు రుచించలేదు. అప్పుడాయన వెతుక్కున్నది ఊరి వెలుపలి ఒక గుహ. స్నేహితుణ్ణి బయట నిలబెట్టి, తాను లోపలికి వెళ్ళి ప్రార్థించేవారు. పట్టణపు గోడ దాటి కాస్త దిగువకు నడిస్తే పునీత దామియాను దేవాలయం ఉంది. అప్పటికది పాడుబడి ఉంది. అక్కడి సిలువ ముందు మోకరించినప్పుడే దేవుని పిలుపు ఆయనకు వినిపించింది.

1209లో మూడవ ఇన్నోసెంటు పోపుగారు ఆయన జీవన విధానానికి అనుమతి ఇచ్చారు. సహోదరులు పెరిగారు. ఊరూరా బోధలు, కుష్ఠరోగుల సేవ, ఎక్కడికి వెళ్ళినా జనం. అంత పనిలోనూ ఆయన ఏకాంతాన్ని విడువలేదు. అస్సీసికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో సుబాసియో కొండ మీది అడవిలో కొన్ని గుహలున్నాయి. ఆ చోటు పేరు కార్చేరి. ఆయన, సహోదరులు నడిచి వెళ్ళి అక్కడ ప్రార్థించి, మళ్ళీ దిగి వచ్చేవారు. ఒక తపస్సుకాలం త్రాసిమేనో సరస్సులోని దీవిలో, రెండు రొట్టెలు మాత్రమే పట్టుకుని, ఒంటరిగా గడిపారని సంప్రదాయం చెబుతోంది.

ఇంతలో ఆయనకు పెద్ద సందేహం కలిగింది. జనాన్ని విడిచి పూర్తిగా ప్రార్థనలోనే ఉండిపోవాలా, లేక బోధిస్తూ తిరగాలా? మనసు ఏకాంతం వైపే లాగుతోంది. ఆయన సొంతంగా తేల్చుకోలేదు. పునీత క్లారమ్మగారిని, సిల్వెస్టరు అనే సహోదరుణ్ణి ప్రార్థించి చెప్పమని కోరారు. జనంలోకి వెళ్ళి బోధించమనే ఇద్దరి నుండీ కబురు వచ్చింది. ఆయన వెంటనే లేచి బయలుదేరారు.

ఏకాంత స్థలాల్లో ఉండే సహోదరుల కోసం ఆయన ఒక చిన్న నియమావళి రాశారు. ఒకచోట ముగ్గురు, మహా అయితే నలుగురు ఉండాలి. ఇద్దరు తల్లులుగా, మిగిలినవారు బిడ్డలుగా మెలగాలి. తల్లులు పని చూసుకుంటూ, బయటివారి వలన బిడ్డల ప్రార్థనకు భంగం కలగకుండా కాపాడాలి. కొంతకాలం తరువాత బిడ్డలు తల్లులవుతారు, తల్లులు బిడ్డలవుతారు. ఒకరి నిశ్శబ్దానికి మరొకరు కాపలా అన్నమాట.

1220లో ఆయన సభ నాయకత్వం వదులుకున్నారు. సభలో అభిప్రాయభేదాలు ఆయన్ను నొప్పించాయి. 1224లో లా వెర్నా కొండమీద ప్రార్థనలో ఉండగా ప్రభుని పంచగాయాలు ఆయన దేహంపై వెలిశాయి. ఆ గాయాలతోనే కిందికి దిగి మళ్ళీ జనంలోకి వచ్చారు. 1225లో చూపు దాదాపు పోయి, జబ్బుతో, పునీత దామియాను దేవాలయం పక్కన ఒక గుడిసెలో పడుకున్నారు. సూర్యచంద్రులతో, నీటితో, నిప్పుతో కలిసి దేవుని స్తుతించే గీతాన్ని ఆయన కూర్చినది ఆ చీకటిలోనే. మొదట పిలుపు విన్న చోటికే తిరిగి వచ్చారు. 1226 అక్టోబరు 3న అస్సీసి దిగువ మైదానంలోని పోర్సియుంకుల అనే చిన్న గుడి దగ్గర కన్నుమూశారు. రెండేళ్ళు తిరక్కుండానే తిరుసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది.

మరి మన కార్చేరి ఎక్కడుంది? పేరుపాలెం తీరాన వేళాంగణి మాత గుడి ఉంది. ఆదివారం అక్కడ సందడే. మామూలు రోజున తెల్లవారుజామున వెళ్ళి చూడండి, అలల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అంత దూరం వీలుకాకపోతే కాలువ గట్టుంది, కొబ్బరితోట ఉంది, మధ్యాహ్నం వేళ ఖాళీగా ఉండే మన దేవాలయం ఉంది. సెల్‌ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళండి.

అయితే చోటు దొరికినా సమయం దొరకనివారు మన ఇళ్ళల్లో ఉన్నారు. తెల్లవారి లేచింది మొదలు పొయ్యి, పిల్లలు, అత్తమామల సేవ, లేసు పనితో సతమతమయ్యే తల్లికి గంటసేపు నిశ్శబ్దం ఎవరిస్తారు? ఫ్రాన్సిసువారి నియమం ఇక్కడ పనికివస్తుంది. అయ్యలారా, వారానికి ఒక్క గంట మీరు తల్లి పని చేయండి. పిల్లలను చూసుకుని, ఆమెను దేవుని బిడ్డగా పంపండి. మరో గంట ఆమె మీ కోసం ఇల్లు కాస్తుంది. ఈ వారమే ఆరంభించండి. దేవుడు మీ కుటుంబాలను దీవించునుగాక!