నేలమాళిగలోని రైలుమార్గము: జాన్ ఆలెన్ జీవితము

ఘనుల చరిత్రములను జదువ గూర్చుండినప్పుడు, రాజ్యముల నేలినవారిని, క్రొత్త దేశములను గనుగొన్నవారిని మనము మొదట దలంతుము. తన యింటి క్రింది నేలమాళిగలో బొమ్మరైళ్లు నడపిన యొక మనుష్యునికి ఆ వరుసలో చోటుండునా యని చదువరులు సందేహింపవచ్చును. ఉండునని మేము తలంచుచున్నాము. పని చిన్నదైనను దానిని సంపూర్ణ శ్రద్ధతో జేసినవాడు పెద్దవారికిని గురువు కాగలడని ఈయన జీవితము తెలుపుచున్నది.

జాన్ ఆలెన్ అమెరికా దేశమున మిస్సోరీ రాష్ట్రములోని జాప్లిన్ పట్టణమున 1913వ సంవత్సరము జూలై నెల 2వ తేదీన జన్మించెను. ఛాయాచిత్రములు దీయుట ఆయన వృత్తి. ఆ వృత్తి వలన వెలుగునీడలను కనిపెట్టి చూచు కన్ను ఆయనకు లభించెను. తరువాత కాలిఫోర్నియాలో సముద్రతీరమందున్న మాంటెరే పట్టణమున స్థిరపడి, 1946వ సంవత్సరమున తన మొదటి చిన్న రైలుమార్గమును ప్రారంభించెను. అది నాలుగడుగులకు లోపు వెడల్పును, ఏడడుగులకు లోపు పొడవును గల బల్లపై నిమిడిపోయెను.

ఆయన అవలంబించిన కొలత నిజమైన రైలులో 87వ వంతు. పట్టాల నడుమ ఎడము పదునాఱున్నర మిల్లీమీటర్లు. ఈ కొలతలో ఆరడుగుల మనుష్యుడు అంగుళమైన నుండడు. తన రైలుకంపెనీకి ఆయన గోర్ అండ్ డఫెటిడ్ అని పేరు పెట్టెను. ఆంగ్లమున దానిని గోరీ అండ్ డిఫీటెడ్ అని పలుకవలెను. రక్తసిక్తమై యోడిపోయినదని దాని యర్థము. ఇంతటి శ్రమ చేయబూనినవాడు తన్నుతానే యిట్లు పరిహసించుకొనుట మాకు ముచ్చటగా నున్నది.

1953వ సంవత్సర ప్రాంతమున ఆయన క్రొత్త యింటికి మారి, దాని నేలమాళిగలో తన చివరి మార్గమును, అన్నిటిలో గొప్పదానిని, నిర్మింప బూనెను. మొదటి చిన్న మార్గమును పాఱవేయక దీనిలో నొక భాగముగా జేర్చుకొనెను. సాధారణముగా బొమ్మరైలు బల్ల యెత్తున నుండును. ఆలెన్ కొండలో, నేల మొదలుకొని పైకప్పు వఱకు లేచినవి. వాని నడుమ లోయలు, లోయలపై వంతెనలు, మనుష్యులు నడచుటకు సన్నని దారులు. గది చాలని చోట అద్దములను మఱుగుగా నిలిపి, చూచువారి కంటికి స్థలమును పెంచెను.

ఇట్టి పనిలో ముందు ఆలోచన, తరువాత సుత్తి. దీనికి కారణము విద్యుచ్ఛక్తి. పండ్రెండు వోల్టుల ప్రవాహము ఒక పట్టానుండి చక్రముల ద్వారా యింజనులోని మోటారునకు బోయి, రెండవ పట్టాద్వారా మరలివచ్చును. తీగలను తాఱుమాఱు చేసినచో బండి వెనుకకు నడచును. మార్గమంతయు నొక్కటే తీగకు గలిపినయెడల ఇంజనులన్నియు నొక్కసారి కదలును. కావున పట్టాలను అక్కడక్కడ సన్నముగా గోసి, ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండమునకు వేఱు తీగయు, వేఱు మీటయు నమర్పవలెను. మార్గము గుండ్రముగా దిరిగి తనలోనే మరల గలియు చోట ఎడమపట్టా కుడిపట్టాను దాకును. అక్కడ రెండు పట్టాలను గోసి, ఆ ఖండమునకు ప్రత్యేకమగు మీట పెట్టనిచో ప్రవాహము అడ్డదారిని బోవును, రైలు నిలిచిపోవును. కొండలపై ప్లాస్టరు పోసిన పిమ్మట లోపలి తీగను సరిచేయుట యెంత కష్టమో చెప్ప నక్కఱలేదు. ప్రతి యింజనునకు వేఱుగా ఆజ్ఞ నంపగల సాధనములు నేడు సర్వసాధారణమైనవి. ఆయన కాలమున అవి అంతగా వాడుకలో లేవు.

ఆలెన్ మఱియొక పాఠమును గూడ నేర్పెను. అంతకుముందు బొమ్మబండ్లు క్రొత్తరంగుతో మెఱయుటయే అందమని పలువురు భావించుచుండిరి. నిజమైన బండిపై దుమ్ము, మసి, త్రుప్పు ఉండునని ఆయన గమనించి, తన బండ్లకును ఇండ్లకును ఆ వార్ధక్యమును దెచ్చెను. కెమెరాలో మిక్కిలి సన్నని రంధ్రముద్వారా వెలుగును బంపి చిత్రములు దీసెను. దగ్గఱి రాయియు దూరపు కొండయు సమముగా స్పష్టమై, చూచువారు నిజమైన దేశమే యని భ్రమపడిరి.

స్నేహితులు వచ్చి రైల్వే యుద్యోగులవలె కాలపట్టిక ననుసరించి, త్వరగా దిరుగు గడియారమును జూచుచు బండ్లు నడపెడివారు. పూర్వకాలపు రాకాసిబల్లి యొకటి, ఎమ్మా యను పేరుగలది, ఇంజనునకు బదులుగా పెట్టెలను దోయుచుండెను! అయిదు పాయింట్లతో పెట్టెలను తక్కువ కాలములో వాని వాని చోట్లకు జేర్చు టైమ్‌సేవర్ అను ఆటను గూడ ఆయన కల్పించెను.

1973వ సంవత్సరము జనవరి 6వ తేదీన ఆలెన్ గుండెజబ్బుతో మరణించెను. పది దినములకు ఆ యింట అగ్ని పుట్టెను. ఇంచుమించు ఇరువది సంవత్సరముల పని, కొండలు, వంతెనలు, తీగలు, దాదాపుగా సమస్తమును కాలిపోయెను.

అయినచో ఆయన శ్రమ వ్యర్థమేనా? తాను నేర్చినదానిని ఆలెన్ దాచుకొనియుండినచో వ్యర్థమే యయ్యెడిది. కాని 1940వ దశాబ్దము మొదలుకొని ఆయన తన పద్ధతులను పత్రికలలో వ్రాయుచు, చిత్రములతో వివరించుచు, ఇంటికి వచ్చినవారికి జూపుచు వచ్చెను. ఆయనను గూర్చి పత్రికా సంపాదకుడు లిన్ వెస్ట్‌కాట్ వ్రాసిన గ్రంథము 1981లో వెలువడెను. నేడును పలు దేశములలో బొమ్మబండికి మసి పూయువారు, తెలిసియో తెలియకయో, ఆయన శిష్యులే.

విద్యార్థులారా, మీరు చేయు చిన్న పనినైనను ముందుగా కాగితముపై గీచికొనుడు; చక్కగా జేయుడు; చేసిన విధమును వ్రాసియుంచి పొరుగువానికి జెప్పుడు. నేలమాళిగలోని మార్గము బూడిదయైనను, ఆలెన్ చెప్పియుంచిన మాట మాత్రము కాలలేదు.