ఓర్పే ఊపిరిగా 48 ఏళ్లు: పలమనేరు, మదనపల్లెలలో జేకబ్ ఛాంబర్లేన్ జీవితం

బైరెడ్డిపల్లె: మదనపల్లె పేరు వినగానే అనిబిసెంట్ కళాశాల, జనగణమనకు రవీంద్రనాథ్ ఠాగూర్ ఆంగ్లానువాదం చేసిన 1919 సంవత్సరం చాలామందికి స్ఫురిస్తాయి. వారికి అర్ధశతాబ్దం ముందే ఈ పీఠభూమికి వచ్చి, పలమనేరు, మదనపల్లెలలో వైద్యశాలలు తెరిచి, తెలుగు నేర్చి, ఇక్కడే కన్నుమూసిన అమెరికా వైద్యుడు జేకబ్ ఛాంబర్లేన్ పేరు మాత్రం నేటి తరానికి అంతగా తెలియదు. పలమనేరుకు పొరుగునే ఉన్న బైరెడ్డిపల్లె ప్రాంతానికి సైతం ఆయన చరిత్రతో సంబంధం ఉన్నది.

ఛాంబర్లేన్ 1835 ఏప్రిల్ 13న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో షారన్ అనే ఊరిలో జన్మించారు. ఒహైయో రాష్ట్రంలోని వెస్టర్న్ రిజర్వు కళాశాలలో 1856లో పట్టభద్రులయ్యారు. న్యూబ్రన్స్‌విక్‌లో వేదాంత విద్యను 1859లో పూర్తిచేశారు. న్యూయార్కులో వైద్యమూ అభ్యసించారు. బోధకుడికి మందుల పెట్టె కూడా అవసరమని ఆయన తొలినుంచీ భావించారు. అదే సంవత్సరం చివర భార్య షార్లెట్‌తో కలిసి ఓడ ఎక్కారు. సూయజ్ కాలువ అప్పటికి లేదు. ఆఫ్రికా ఖండం చుట్టి, నెలల తరబడి సముద్రంపై గడిపి, 1860లో మద్రాసు రేవులో దిగారు.

స్కడర్ సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషను ఆయనను ఆహ్వానించిన సంస్థ. మద్రాసు నుంచి రైలు మార్గం 1856లో ఆర్కాటు దాపునున్న వాలాజా వరకు వచ్చింది. ఆపైన ఎద్దుబండి, గుర్రమే గతి. మొగిలి కనుమ ఎక్కి పీఠభూమి చేరితే పలమనేరు. ఛాంబర్లేన్ దంపతులు తొలి సంవత్సరాలు ఈ ప్రాంతంలోనే గడిపారు. 1863లో మదనపల్లెకు మారి అక్కడ మిషను కేంద్రం ప్రారంభించారు. నాటికి చిత్తూరు జిల్లా లేదు. పలమనేరు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లోనే.

మదనపల్లెలో కుదురుకోకముందే ఆయన ఒక సాహసానికి పూనుకున్నారు. 1863లో కొందరు స్థానిక సహాయకులతో, పుస్తకాల బండ్లతో, మందులతో ఉత్తరానికి బయలుదేరారు. నిజాం రాజ్యం దాటి, గోదావరి ఎగువ అడవుల్లోని గోండుల ప్రాంతం మీదుగా మధ్య భారతం వరకు సాగిన ఈ యాత్ర దాదాపు 1200 మైళ్లు. దారిపొడవునా రోగులకు మందులు ఇవ్వడం, సువార్త పుస్తకాలను ఉచితంగా కాక స్వల్ప ధరకు అమ్మడం వారి పద్ధతి. డబ్బిచ్చి కొన్నదానిని మనిషి చదువుతాడని ఆయన నమ్మకం. ఈ లెక్క నేటి ప్రచారకులకూ పనికివచ్చేదే.

నిజాం రాజ్యంలోని ప్రాకారం గల ఒక పట్టణంలో జనం ఆయనను చుట్టుముట్టారు. ఊరు విడిచి పొమ్మన్నారు. బాట మీది రాళ్లు పెకలించి చేతబట్టారు. ఛాంబర్లేన్ పారిపోలేదు. ఒక కథ చెబుతానని, విన్న తరువాత రాళ్లు రువ్వదలిస్తే రువ్వవచ్చునని అనుమతి కోరారు. తెలుగులో క్రీస్తు పుట్టుక మొదలుకొని సిలువ మరణం వరకు వివరించారు. కథ సగానికి వచ్చేసరికి కొందరి చేతుల్లోని రాళ్లు నేలకు జారాయి, కొందరు కన్నీరు పెట్టుకున్నారు. రాళ్లు పట్టిన చేతులే చివరకు పుస్తకాలు కొన్నాయి. ఈ వృత్తాంతాన్ని ఆయనే తరువాత గ్రంథస్థం చేశారు.

అసలు పరీక్ష గోదావరి తీరాన ఎదురైంది. వర్షాకాలం. నది ఉప్పొంగింది. ఆ రోజుల్లో ఎగువ గోదావరిలో ప్రభుత్వం జలరవాణా పనులు సాగిస్తుండేది. తమకు ఎదురుగా రావలసిన ఆవిరి పడవ ప్రవాహ వేగానికి చెడిపోయి నిలిచిపోయింది. పులులు తిరిగే అడవిలో కూలీలతో కాలినడకన బయలుదేరక తప్పలేదు. సాయంత్రానికి ముందున్న ఉపనది పొంగి దారి మూసుకుపోయింది. ఎక్కి తలదాచుకునేందుకు మెట్ట లేదు. పులి అడుగుజాడలు తాజాగా కనిపిస్తున్నాయి. కూలీలు భయంతో పారిపోజూశారు.

ఛాంబర్లేన్ గుర్రంపై ముందుకు సాగి ఒంటరిగా ప్రార్థించారు. ఎడమకు తిరిగి గోదావరి ఒడ్డుకు వెళ్లితే రక్షణ దొరుకుతుందన్న ప్రేరణ తనకు కలిగిందని ఆయన వ్రాశారు. సహాయకులను సంప్రదించగా వారు ఆ ఆలోచనను ఒప్పుకోలేదు. మళ్లీ ప్రార్థించారు. మళ్లీ అదే ప్రేరణ. ఒడ్డుకు చేరగా, ఎగువన కట్లు తెగి కొట్టుకువచ్చిన పెద్ద బల్లకట్టు పడవ, అందులోని సరంగులు కనిపించారు. అవతలి ఒడ్డుకు పట్టాలని ఎంత ప్రయత్నించినా పడవ ఇటే వచ్చిందని వారు వాపోయారు. బృందమంతా అందులోకి ఎక్కి, మంటలు వేసుకుని, రాత్రంతా పులుల గర్జనలు వింటూ గడిపారు. దీనిని దైవకృప అనవచ్చు, వరద తెచ్చిన అదృష్టం అనవచ్చు. ఛాంబర్లేన్‌కు మాత్రం అందులో రెండో అర్థం లేదు. ఈ ఘటనతోనే ‘ఇన్ ది టైగర్ జంగిల్’ అనే పుస్తకం 1896లో వెలువడి అమెరికాలో విస్తృతంగా చదవబడింది.

అయితే పడవ దొరికిన మనిషిని జ్వరం వదలలేదు. ఆ యాత్రలో పట్టుకున్న అడవి జ్వరం ఆయనను జీవితాంతం వెంటాడింది. ఆరోగ్యం కుదుటపడక 1870లలో అమెరికాకు తిరిగి వెళ్లవలసి వచ్చింది. కొలుకుని మళ్లీ వచ్చారు. అనంతరం కూడా ఇలా పోయిరావడం జరిగింది. స్వదేశంలో గౌరవప్రదమైన ఉద్యోగంలో స్థిరపడే అవకాశం ఉన్న విద్యావంతుడు ప్రతిసారీ మదనపల్లెకే తిరిగి రావడం ఆయన జీవితంలో గమనించదగిన విషయం. పులిని ఎదుర్కొనడానికి ఒక రాత్రి ధైర్యం చాలు. మళ్లీ మళ్లీ వచ్చే జ్వరాన్ని ఎదుర్కొనడానికి నలభై ఏళ్ల ఓర్పు కావాలి.

1860 దశకంలోనే పలమనేరులోనూ, మదనపల్లెలోనూ ఆయన వైద్యశాలలు నెలకొల్పారు. ఉదయం రోగులు చేరగానే కొద్దిసేపు బోధ, తరువాత చికిత్స. రోగికి ఇచ్చే చీటీలపై బైబిలు వాక్యాలు ముద్రించి ఉండేవి. రోగులలో అన్ని కులాలవారు, అన్ని మతాలవారు ఉండేవారు. చికిత్సకు మతం అడ్డు కాలేదు.

బోధ విషయంలో ఆయనకు పంట అంత త్వరగా చేతికి రాలేదు. ఇదే ఆయన కథలో అసలు కష్టం. ఒంగోలు ప్రాంతంలో 1876–78 కరువు అనంతరం జాన్ క్లౌ నాయకత్వాన 1878 జూలై 3న ఒక్క రోజులోనే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మదనపల్లె పరిసరాల్లో అటువంటి దృశ్యం ఛాంబర్లేన్ ఎన్నడూ చూడలేదు. సంఘం చిన్నదిగానే ఉండేది. అయినా బజారు కూడళ్లలో నిలబడి తెలుగు పద్యాలు పాడి, వేమన శతకాన్ని ఉదహరిస్తూ, ఊరూరా తిరగడం మానలేదు. విగ్రహారాధనను వేమన నిరసించిన తీరు ఆయనకు మిక్కిలి నచ్చింది. ఆయన రచనల్లో హిందూ మతంపై కనిపించే అభిప్రాయాలు నాటి మిషనరీ దృష్టితో కూడినవనీ, అమెరికా పాఠకుల నుంచి చందాలు రాబట్టేందుకు వ్రాసినవనీ మరువరాదు. అవి ఏకపక్షమే. వేమనపై ఆయనకున్న ఇష్టంలో మాత్రం కపటం కనిపించదు.

స్థానిక దృశ్యాలను వాడుకోవడంలో ఆయన దిట్ట. రథోత్సవంలో తేరు కదలకపోతే చక్రాలపై కొబ్బరికాయలు కొట్టించి, అందరిచేత తాళ్లు పట్టించి లాగించే తీరును చూసి 1885లో ఒక చిన్న పుస్తకమే వ్రాశారు. ప్రతివాడూ తాడుపై చేయి వేయనిదే పని సాగదన్నది అందులోని సందేశం. బండికి కట్టగానే మొరాయించే తన గుర్రం చెవికి దారం చుట్టి మెలితిప్పి కదిలించిన వైనాన్ని మరో పుస్తకంలో చెప్పారు. గంభీరమైన బోధకుల మధ్య ఈ చమత్కారం ఆయనకు ప్రత్యేకం.

భాషలో ఆయన శ్రమ వైద్యం కంటే తక్కువది కాదు. తెలుగు బైబిలు అనువాద సవరణ సంఘానికి 1873 నుంచి 1894 వరకు అధ్యక్షులుగా వ్యవహరించారు. విశాఖపట్నంలోని జాన్ హే వంటి పండితులు కూడా ఈ కృషిలో పాలుపంచుకున్నారు. తమ సంఘ ఆరాధన క్రమాన్ని సైతం ఛాంబర్లేన్ 1873లో తెలుగులోకి తెచ్చారు. ఒక్కో మాటకు తగిన తెలుగు పదం కోసం రెండు దశాబ్దాలు కూర్చోవడానికి పట్టే సహనం పులుల అడవి కథల్లో కనిపించేది కాదు. ఆయన పాఠకులకు కథ కావాలి. ఆయనకు మాత్రం మాట సరిగ్గా కుదరాలి.

విదేశీ సంఘాల పేర్లతో భారతదేశంలో క్రైస్తవులు విడివిడిగా ఉండరాదనీ, ఇక్కడి సంఘం ఇక్కడివారిదే కావాలనీ ఆయన 1879లోనే వ్రాశారు. అమెరికాలోని పెద్దలతో ఈ విషయమై దీర్ఘకాలం వాదించవలసి వచ్చింది. దక్షిణ భారతంలో అమెరికా, స్కాట్లాండు మిషన్ల సంఘాలు 20వ శతాబ్ది ఆరంభంలో ఒకటైనప్పుడు, ఆ ఐక్య సినడ్‌కు ఆయనే తొలి మోడరేటర్ అయ్యారు. ఈ ఐక్యతా ప్రయత్నాలే విస్తరించి 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడడానికి దారితీశాయి. అది చూడటానికి ఆయన లేరు.

ఆయన కుమారుడు విలియం వేలూరులోని మిషను కళాశాలకు నాయకత్వం వహించారు. అదే తరువాత ఊర్హీస్ కళాశాలగా ప్రసిద్ధి చెందింది.

1908 మార్చి 2న మదనపల్లెలోనే జేకబ్ ఛాంబర్లేన్ మరణించారు. అప్పటికి ఆయన వయసు 72. ఆ తరువాత మూడేళ్లకు 1911లో అదే పట్టణంలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలిసింది. 1912లో డెన్మార్కు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ క్షయ రోగులకు చికిత్స ప్రారంభించారు. అది 1915లో పట్టణ శివార్లలోని ఆరోగ్యవరానికి తరలింది.