సబ్బు కొరకు పోరాడిన సహోదరి



మత్తయి 25వ అధ్యాయమును మనము అనేక పర్యాయములు చదివియున్నాము. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుట సేవయని యెరుగుదుము గాని, మురికిలోనున్నవారికి సబ్బు ఇచ్చుటయు సేవయేనని మనకు తోచదు. ఎమిలీ హాబ్‌హౌస్ దొరసాని జీవితము దీనిని నేర్పుచున్నది.

ఈమె 1860లో ఇంగ్లండునందు కార్న్‌వాల్ సీమలో ఒక గ్రామసంఘ గురువు ఇంట జన్మించెను. 1895లో తండ్రి మరణించువరకు ఆయనకు పరిచర్య చేయుచు ఇంటనే యుండెను.

1899లో దక్షిణాఫ్రికాయందు బ్రిటిషువారికిని బోయరు రైతులకును యుద్ధము పుట్టెను. శత్రువులకు తిండి దొరకకుండునట్లు బ్రిటిషు సైన్యము ఇండ్లను పైరులను కాల్చి, స్త్రీలను పిల్లలను గుడారములలో నుంచెను. వాటికి శరణార్థుల శిబిరములని పేరు. కాని వారిలో అనేకులు శరణు కోరి వచ్చినవారు కారు, పట్టి తేబడినవారు.

ఎమిలీ చందాలు కూర్చి, వస్త్రములును ఆహారమును తీసికొని 1901 జనవరిలో బ్లూమ్‌ఫాంటేన్ శిబిరము చేరెను. అది చెట్టు నీడలేని కొండవాలు. గుడారములు క్రిక్కిరిసియుండెను, అనేకులకు నేలయే పడక. నీరు చాలదు, దానిని కాచుకొనుటకు కట్టెలు చాలవు. తట్టు, టైఫాయిడు పిల్లలను హరించుచుండెను. సబ్బు అడుగగా అది విలాసవస్తువని అధికారులనిరి. లూకా 18వ అధ్యాయములోని విధవరాలివలె ఆమె విడువక అడిగి కొంత సాధించెను.

స్వదేశము చేరి, కన్నదంతయు ప్రచురించెను. స్వజనులే ద్రోహియనిరి. ఆ అక్టోబరులో మరల వెళ్లగా ఓడ దిగనీయక బలవంతముగా త్రిప్పి పంపిరి. అయినను ప్రభుత్వము స్త్రీల విచారణసంఘమును పంపవలసివచ్చెను. 1902లో మరణములు తగ్గెను. అప్పటికే సుమారు 28,000 మంది బోయరులు చనిపోయిరి. వారిలో 22,000 మంది పిల్లలు. నల్లవారిని వేరు శిబిరములలో నుంచిరి. అక్కడ 14,000 మందికి పైగా మరణించిరి. ఎమిలీ అచ్చటికి వెళ్లలేకపోయెను. లోకము వారిని బహుకాలము లెక్కింపలేదు.

1914లో గాంధీగారికిని స్మట్సుదొరకును సమాధానము కుదురుటకు ఈమె సాయపడెను. నేటాలు చెరకుతోటలకు వెళ్లిన మన తెలుగు కూలీలమీది మూడు పౌనుల పన్ను ఆ ఒడంబడికతో రద్దయ్యెను. ఆమె 1926లో లండనులో మరణించెను. ఆమె చితాభస్మము బ్లూమ్‌ఫాంటేన్‌లో ఆ తల్లుల, పిల్లల జ్ఞాపకస్తంభము క్రింద నున్నది.

ఒకప్పుడు వరదవలన బడిలో తలదాచుకొన్నవారికి మేము బియ్యము పంచి, ప్రార్థనచేసి, తృప్తితో తిరిగివచ్చితిమి. స్త్రీలకు స్నానమునకు చాటున్నదా, పసిపిల్లల గుడ్డలుతుకుటకు సబ్బున్నదా అని అడుగనే లేదు. ఈమె కథ చదివి సిగ్గుపడితిమి. ప్రియులారా, ఈసారి ఇచ్చుటకు ముందు ఏమి కొరతయో వారినే అడుగుదము. ఇయ్యవలసినవారు ఇయ్యనిచో, వారి పక్షమున విడువక అడుగుదము.